ఒకటే కోడ్, రెండు సర్వర్లు: సెట్టింగ్స్ ఎక్కడ ఉండాలి?

వనపర్తి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. గద్వాల చీరలు అమ్మే ఒక దుకాణానికి లారావెల్‌లో (పీహెచ్‌పీలో వెబ్‌సైట్లు కట్టే సాధనం) వెబ్‌సైట్ చేశారు. ల్యాప్‌టాప్‌లో ఒక కాపీ, టెస్ట్ కోసం ఒక సబ్‌డొమైన్, అసలు సైట్ ఒకటి. కోడ్ ఎక్కించే ముందు ప్రతిసారీ కాన్ఫిగ్ (సెట్టింగ్స్) ఫైళ్లు తెరిచి డేటాబేస్ పేరు, ఆన్‌లైన్ పేమెంట్లు తీసుకునే రేజర్‌పే కీ, ఎస్సెమ్మెస్ కీ చేత్తో మారుస్తారు. పోయిన వారం మార్చడం మరిచిపోయారు. అసలు సైటు (లైవ్) రెండు రోజులు నిజం పైసలు కదలని టెస్ట్ కీతోనే నడిచింది. తొమ్మిది ఆర్డర్లు వచ్చాయి, ఒక్క రూపాయి రాలేదు. "టెస్ట్‌కు ఒకటి, లైవ్‌కు ఒకటి, రెండు కాన్ఫిగ్ ఫైళ్లు పెట్టుకుంటే సరిపోతుందా? ఆ తొమ్మిది మందికి ఏం చెప్పాలి?" అని అడిగారు.

ముందు సూటిగా చెప్తాను. రెండు ఫైళ్లు చేసి రెండూ కోడ్‌లోనే పెట్టుకుంటే బాధ కొంచెం తగ్గుతుంది, తీరదు. సెట్టింగ్స్ కోడ్ వెంట తిరగకూడదు, మిషన్ (అది నడిచే కంప్యూటర్ లేదా సర్వర్) దగ్గరే ఉండిపోవాలి. లైవ్ సర్వర్ సెట్టింగ్స్ లైవ్ సర్వర్‌లోనే ఒకసారి రాసి పెట్టండి. టెస్ట్‌వి టెస్ట్‌లో, ల్యాప్‌టాప్‌వి ల్యాప్‌టాప్‌లో. ఆ ఫైలు ఇక అక్కడి నుంచి కదలదు. కోడ్ ఎక్కించేటప్పుడు దాన్ని ముట్టే పనే లేకపోతే మరిచిపోవడానికి ఏమీ మిగలదు. రెండో మాట: అవసరమైన సెట్టింగ్ ఏది లేకపోయినా, చూడగానే తేడాగా ఉన్నా, సైట్ అసలు మొదలు కాకూడదు. ఈ రెండూ చేసుకుంటే పోయిన వారం జరిగింది మళ్లీ జరగదు.

నేను పదమూడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. మొదటి ఏడేళ్లు హైదరాబాద్‌లో కంపెనీ ఉద్యోగం, ఆ తర్వాత నల్లగొండకు వచ్చేసి ఇక్కడి వడ్ల మిల్లులకు, బత్తాయి వ్యాపారులకు, ప్రైవేటు స్కూళ్లకు సాఫ్ట్‌వేర్ చేసి పెడుతున్నాను. కింద చెప్పే తప్పుల్లో చాలావరకు నేను చేసినవే.

లారావెల్‌లో మీకు కావలసిన ఏర్పాటు ముందే ఉంది. ప్రాజెక్టులో డాట్ ఈఎన్వీ (.env) అనే ఫైలు ఉంటుంది చూడండి, అదే ఇది. మీరు కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని ఫైళ్లలో నేరుగా విలువలు రాస్తున్నట్టున్నారు. ఆ ఫోల్డర్ గిట్‌లో (కోడ్‌ను, దాని మార్పుల చరిత్రను దాచే చోటు) ఉంటుంది, అన్ని మిషన్లకూ అదే పోతుంది. కాబట్టి అక్కడ అసలు కీ ఉండకూడదు, "ఫలానా పేరుతో ఉన్న విలువను ఈఎన్వీ నుంచి తెచ్చుకో" అన్న వరస మాత్రమే ఉండాలి. డాట్ ఈఎన్వీ ఫైలు గిట్‌లోకి పోకుండా గిట్ఇగ్నోర్‌లో (గిట్ వదిలేయాల్సిన ఫైళ్ల జాబితా) లారావెల్ ముందే రాసి ఇస్తుంది, దాన్ని తీసేయకండి. పక్కనే డాట్ ఈఎన్వీ డాట్ ఎగ్జాంపుల్ అని ఇంకో ఫైలు ఉంటుంది. అందులో పేర్లు మాత్రమే రాయండి, విలువలు ఖాళీ. కొత్త సెట్టింగ్ కలిపిన రోజే ఈ ఎగ్జాంపుల్ ఫైల్లో కూడా కలపాలి. ఈ అలవాటు లేని చోట ఆరు నెలల తర్వాత కొత్త సర్వర్ పెట్టాలంటే ఏమేం కావాలో ఎవరికీ గుర్తుండదు.

వెబ్ యాప్‌లను తమ సర్వర్ల మీద నడిపించే హెరోకు కంపెనీ వాళ్లు 2011 ప్రాంతంలో వెబ్ యాప్‌లకు పన్నెండు సూత్రాలు రాశారు. వాటిలో మూడోది ఇదే. అందులో ఒక పరీక్ష చెప్తారు: మీ కోడ్ మొత్తాన్ని ఈ నిమిషంలో అందరికీ తెరిచి చూపించినా ఒక్క పాస్‌వర్డ్ కూడా బయటపడకూడదు. మీ ప్రాజెక్టును ఆ కళ్లతో ఒకసారి తిరగేయండి. ఎక్కడెక్కడ గుండె ఝల్లుమంటే అవన్నీ డాట్ ఈఎన్వీలోకి పోవాలి.

లారావెల్ బదులు జాంగో, స్ప్రింగ్, డాట్‌నెట్ లాంటి సాధనాలు వాడేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. పేర్లు మారతాయి, పని ఒకటే. జాంగోలో సెట్టింగ్స్ ఫైలును బేస్, టెస్ట్, ప్రొడక్షన్ (అంటే లైవ్) అని మూడుగా విడగొడతారు. స్ప్రింగ్‌లో అదే పనికి ప్రొఫైల్స్ ఉంటాయి. డాట్‌నెట్‌లో యాప్‌సెట్టింగ్స్ ఫైలు మీద ప్రొడక్షన్ ఫైలు పరుచుకుంటుంది. రహస్యం కాని విలువలు, అంటే పేజీకి ఎన్ని చీరలు చూపించాలి లాంటివి, ఆ ఫైళ్లలో గిట్‌లోనే ఉన్నా ఏం కాదు. పాస్‌వర్డ్‌లు, కీలు మాత్రం వాటిలో కూడా వద్దు.

ఇక అందరూ తేలిగ్గా తీసుకునే విషయం దగ్గరకు వస్తాను. ఈఎన్వీ నుంచి విలువ తెచ్చుకునేటప్పుడు "అది లేకపోతే ఇది వాడు" అని రెండో విలువ ఇవ్వొచ్చు కదా. ఆ రెండో విలువే చాలా ప్రమాదాలకు మూలం. మహబూబ్‌నగర్‌లో ఒక స్కూలుకు ఫీజుల సాఫ్ట్‌వేర్ చేశాను. డేటాబేస్‌ను వేరే మిషన్‌కు మార్చిన రోజు, లైవ్ ఈఎన్వీలో కొత్త అడ్రస్ రాస్తూ ఆ సెట్టింగ్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టాను. కోడ్‌లో రెండో విలువగా లోకల్‌హోస్ట్ (అంటే సైటు నడిచే ఇదే మిషన్) అని ఉంది. పాత డేటాబేస్ అదే మిషన్‌లో ఇంకా తీసేయకుండా ఉంది. సైటు హాయిగా లేచింది. రోజంతా క్లర్క్ ఫీజులు కట్టించుకున్నాడు, రసీదులు ఇచ్చాడు. అవన్నీ పాత డేటాబేస్‌లోకి పోయాయి. సాయంత్రం లెక్క చూస్తే కొత్త దాంట్లో సున్నా. ఆ రసీదులను ఇటు మార్చి, రసీదు నంబర్లు సరిచేసేసరికి తెల్లారింది.

ఆ రెండో విలువ లేకపోయి ఉంటే ఏమయ్యేది? పొద్దున తొమ్మిదికి సైటు లేవదు. ప్రిన్సిపల్ మేడం ఫోన్ చేసి నాలుగు మాటలు అంటారు. ఐదు నిమిషాల్లో తప్పు దొరుకుతుంది. నిశ్శబ్దంగా తప్పు పని చేసే సైటు కంటే, పడిపోయి మొత్తుకునే సైటు వంద రెట్లు నయం. మీ కోడ్‌లో పేమెంట్ కీకి రెండో విలువగా టెస్ట్ కీ రాసి ఉందేమో ఈ రోజే వెతకండి. పేజీ సైజు లాంటి వాటికి రెండో విలువ ఇవ్వండి, తప్పు లేదు. డేటాబేస్, పేమెంట్, ఎస్సెమ్మెస్, మెయిల్, ఈ నాలుగింటికి మాత్రం వద్దు. ఒక్క మినహాయింపు: డీబగ్‌కు (తప్పుల వివరాలన్నీ తెర మీద చూపించే సెట్టింగ్) లారావెల్ వాళ్లు రెండో విలువగా "ఆఫ్" పెట్టారు, అది మంచిదే. ఏమీ చెప్పకపోతే జాగ్రత్త వైపు పడేది ఏదైనా ఉంచుకోవచ్చు.

సైటు మొదలయ్యేటప్పుడే చెక్ చేసుకునే కోడ్ పది పదిహేను వరసలు రాసుకోండి. రేజర్‌పే కీ చూడగానే తెలిసిపోతుంది కదా, టెస్ట్ కీలో ముందే "టెస్ట్" అని ఉంటుంది, అసలు కీలో "లైవ్" అని ఉంటుంది. సైటు నడిచే చోటు (ఎన్విరాన్‌మెంట్) ప్రొడక్షన్ అయి ఉండి కీలో "టెస్ట్" కనిపిస్తే అక్కడే ఆగిపోవాలి. దానికి తిరగేసి కూడా: టెస్ట్ సర్వర్‌లో లైవ్ కీ కనిపిస్తే అక్కడా ఆగాలి. రెండోది చాలామంది మరిచిపోతారు. టెస్ట్ చేస్తూ చేస్తూ ఎవరి కార్డు నుంచో నిజం పైసలు లాగడం ఇంకా పెద్ద తలనొప్పి. నేనైతే ఇంకొకటి చేస్తాను. సైటు లేచిన ప్రతిసారీ లాగ్‌లో (సైటు తన పనులు రాసుకునే ఫైలు) ఒక వరస రాయిస్తాను: ఏ ఎన్విరాన్‌మెంట్, ఏ డేటాబేస్ పేరు, ఏ కీ చివరి నాలుగు అక్షరాలు. పాస్‌వర్డ్ రాయించొద్దు.

ఇదే పేమెంట్ గురించి ఇంకో చిన్న విషయం. వెబ్‌హుక్‌లు (పేమెంట్ అయిందని రేజర్‌పే మీ సైటుకు పంపే కబుర్లు) టెస్ట్ మోడ్‌లో వేరు, లైవ్ మోడ్‌లో వేరుగా పెట్టుకోవాలి, వాటి రహస్య కీ కూడా వేరుగా ఇచ్చుకోండి. కీలు మార్చి వెబ్‌హుక్ మార్చకపోతే పైసలు వస్తాయి కానీ మీ సైట్లో ఆర్డర్ "పెండింగ్" అనే చూపిస్తుంది. కస్టమర్ రెండోసారి కడతారు. అప్పుడు మొదలవుతుంది రీఫండ్ పంచాయతీ.

ఇప్పుడు నాకు బాగా సిగ్గు తెచ్చిన సంగతి. మిర్యాలగూడ దగ్గర ఒక మిల్లుకు సాఫ్ట్‌వేర్ చేశాను. రైతు వడ్లు తెస్తాడు, కాంటా అవుతుంది, పైసలు బ్యాంకులో వేయగానే "మీ వడ్ల పైసలు జమ చేశాం" అని ఎస్సెమ్మెస్ పోతుంది. ఒక శుక్రవారం సాయంత్రం ఒక బగ్ వెతకడానికి లైవ్ డేటాబేస్ బ్యాకప్ తెచ్చి టెస్ట్ సర్వర్‌లో ఎక్కించాను. బగ్ మళ్లీ జరిగేటట్టు చూడాలని, మెసేజ్ "పంపాం" అనే గుర్తును కొన్ని వరసల్లో నేనే తీసేశాను. టెస్ట్ సర్వర్ ఈఎన్వీ ఫైలు పక్కాగా ఉంది, అందులో లైవ్ కీ ఒక్కటీ లేదు. నిశ్చింతగా ఇంటికి పోయాను.

కానీ ఎస్సెమ్మెస్ కీ ఈఎన్వీలో లేదు. సేటు తనే స్క్రీన్ మీద మార్చుకునేటట్టు ఉండాలని దాన్ని డేటాబేస్‌లో సెట్టింగ్స్ టేబుల్‌లో పెట్టాను. బ్యాకప్‌తో పాటు ఆ లైవ్ కీ కూడా టెస్ట్ సర్వర్‌కు వచ్చేసింది. పదిహేను నిమిషాలకు ఒకసారి తనంతట తానే నడిచే ప్రోగ్రామ్ (క్రాన్ జాబ్) రాత్రి తన పని తాను చేసుకుపోయింది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ప్రకారం డీఎల్‌టీ అనే రిజిస్టర్‌లో ముందే నమోదు చేసిన మెసేజ్‌లే పోతాయి కాబట్టి "టెస్ట్" అన్న మాట కూడా అందులో లేదు, అచ్చం అసలు మెసేజే. అరవైకి పైగా రైతులకు పోయింది. మొదటి లోడ్ పైసలకు ఇదే మెసేజ్ ముందే వచ్చి ఉంది కాబట్టి, రెండో లోడ్ పైసలు కూడా పడ్డాయనుకుని పొద్దున్నే బ్యాంకుకు పోయి, అక్కడ లేకపోయేసరికి మిల్లు గేటు దగ్గరకు వచ్చారు. "పైసలు పడ్డయని ఫోన్ల వచ్చింది, బ్యాంకుల లేవు, ఏందిది?" సేటు నన్ను తిట్టలేదు. పిలిచి చాయ్ తాగించి, "వచ్చినోళ్లందరికీ నువ్వే చెప్పు" అని గేటు దగ్గర నిలబెట్టాడు. మధ్యాహ్నం దాకా చెప్పాను.

అందుకే అంటున్నాను, డేటాబేస్‌లో పెట్టిన సెట్టింగ్స్ బ్యాకప్ వెంట వస్తాయి. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు ఇది బాగా తెలుసు: అసలు సైట్ అడ్రస్ ఆప్షన్స్ టేబుల్‌లో ఉంటుంది, కాపీ ఎక్కించిన టెస్ట్ సైటు తెరిస్తే లైవ్‌కే దూకుతుంది. దుకాణం ఓనరు మార్చుకోవలసినవి, అంటే డెలివరీ చార్జీ, ఫోన్ నంబరు, పండగ ఆఫర్ లాంటివి, డేటాబేస్‌లో ఉంచండి. బయట ప్రపంచాన్ని కదిలించే కీలు అక్కడ వద్దు.

ఆ రోజు నుంచి లైవ్ బ్యాకప్‌ను టెస్ట్‌కు తేవాలంటే నా దగ్గర ఒకటే స్క్రిప్టు. అది ముందు ఫోన్ నంబర్లన్నీ నా సొంత నంబరుగా మారుస్తుంది, మెయిల్ అడ్రసులు చెరిపేస్తుంది, ఆ తర్వాతే మిగతా పని. మీ కస్టమర్లలో చాలామంది ఆడవాళ్లు ఉంటారు. వాళ్ల ఇంటి అడ్రసులు, నంబర్లు మీ ల్యాప్‌టాప్‌లో, మీ స్నేహితుడి ల్యాప్‌టాప్‌లో ఊరికే పడి ఉండాల్సిన అవసరం ఏముంది? టెస్ట్‌లో మెయిల్ డ్రైవర్‌ను "లాగ్" అని పెడితే లారావెల్ మెయిల్‌ను పంపకుండా లాగ్ ఫైల్లో రాస్తుంది. ఎస్సెమ్మెస్‌కు కూడా అలాంటి ఉత్తుత్తి డ్రైవర్ ఒకటి మీరే రాసుకోండి, గంట పని.

ఇన్ని చెప్పాక కూడా మనుషులం కదా, తప్పు ఈఎన్వీ తప్పు చోట పడుతుంది ఏదో ఒక రోజు. దానికి తాళం వేరే చోట వేయాలి. టెస్ట్‌కు వేరే డేటాబేస్ యూజర్, లైవ్‌కు వేరే యూజర్, పాస్‌వర్డ్‌లు వేరు. టెస్ట్ యూజర్‌కు లైవ్ డేటాబేస్ మీద ఏ అనుమతీ ఇవ్వొద్దు. అప్పుడు టెస్ట్ ఫైల్లో పొరపాటున లైవ్ డేటాబేస్ పేరు రాసినా మైసీక్వెల్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) లోపలికి రానివ్వదు. అన్ని చోట్లా, అన్ని అనుమతులూ ఉండే రూట్ యూజర్ ఒక్కడినే వాడితే పై జాగ్రత్తలన్నీ కాగితం మీదివే. టెస్ట్ సైట్ పైన పసుపు రంగు పట్టీ వేసి "ఇది టెస్ట్ సైట్" అని పెద్దగా రాయండి. చిన్న పిల్లల పనిలా ఉంటుంది కానీ రెండు ట్యాబ్‌లు తెరిచి పని చేసేటప్పుడు ఎన్నిసార్లు కాపాడిందో. ఆ సబ్‌డొమైన్‌కు ఒక పాస్‌వర్డ్ కూడా పెట్టండి, లేకపోతే గూగుల్‌లో కనపడి ఎవరో ఒకరు రూపాయికి చీర ఆర్డర్ చేస్తారు.

కొన్ని విషయాలు రెండు చోట్లా వేరుగా ఉండాలి సరే, కొన్ని మాత్రం అస్సలు వేరుగా ఉండకూడదు. పీహెచ్‌పీ వెర్షన్, మైసీక్వెల్ వెర్షన్, టైమ్‌జోన్, అక్షరాల సెట్. ఒక బత్తాయి వ్యాపారికి చేసిన సైట్లో రైతుల పేర్లు నా ల్యాప్‌టాప్‌లో చక్కగా తెలుగులో కనిపించాయి, లైవ్‌లో అన్నీ ప్రశ్న గుర్తులు. నా దగ్గర మైసీక్వెల్ 8, దానికి మామూలుగానే తెలుగు పట్టే యూటీఎఫ్8ఎంబీ4 అనే అక్షరాల సెట్ ఉంటుంది. హోస్టింగ్ దగ్గర పాత వెర్షన్, దానికి తెలుగు పట్టని లాటిన్1. అలా పోయిన పేర్లు మళ్లీ రావు, ప్రశ్న గుర్తే నిజంగా నిల్వ అయిపోతుంది. టైమ్‌జోన్ కూడా అంతే. సర్వర్ యూటీసీలో (మన టైము కంటే ఐదున్నర గంటలు వెనక) ఉండి మీరు పట్టించుకోకపోతే, మీ "ఈ రోజు ఆర్డర్లు" పొద్దున ఐదున్నరకు మారతాయి, అర్ధరాత్రి కాదు.

లారావెల్ వాళ్లకు మాత్రమే పనికొచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. లైవ్‌లో కాన్ఫిగ్ క్యాష్ చేసి (సెట్టింగ్స్ అన్నీ ఒక ఫైల్లో ముందే కూర్చి పెట్టి) ఉంటే ఈఎన్వీ ఫైలు ఎంత మార్చినా పాత విలువలే నడుస్తాయి, మళ్లీ క్యాష్ కమాండ్ ఇవ్వాలి. అలా క్యాష్ చేశాక, కాన్ఫిగ్ ఫోల్డర్ బయట, కంట్రోలర్లలో ఎక్కడైనా నేరుగా ఈఎన్వీని పిలిచి ఉంటే అక్కడ ఖాళీ వస్తుంది. "ల్యాప్‌టాప్‌లో పని చేస్తుంది, లైవ్‌లో చేయదు" అనే ఫిర్యాదు వస్తే నేను మొదట చూసేది ఇదే. పాస్‌వర్డ్‌లో హ్యాష్ గుర్తు ఉంటే మొత్తాన్ని కొటేషన్లలో రాయండి, లేకపోతే ఆ గుర్తు నుంచి మిగతాది వ్యాఖ్య అనుకుని వదిలేస్తుంది. యాప్ కీ (లారావెల్ ఎన్‌క్రిప్ట్ చేయడానికి వాడే కీ) టెస్ట్‌కు వేరు, లైవ్‌కు వేరు ఉండాలి. లైవ్‌లో ఒకసారి పెట్టింది ఊరికే మార్చొద్దు, మారిస్తే అందరూ లాగౌట్ అవుతారు, ఎన్‌క్రిప్ట్ చేసి దాచినవి తెరుచుకోవు. లైవ్‌లో డీబగ్ ఆన్‌లో ఉంచితే ఎర్రర్ పేజీ మీద లోపలి విషయాలన్నీ ఊరికి దండోరా వేసినట్టే.

చవక షేర్డ్ హోస్టింగ్ అయితే ఇది ఇప్పుడే చూడండి. సైట్ రూట్, అంటే బ్రౌజర్‌కు తెరిచి ఉండే ఫోల్డర్, ప్రాజెక్టులోని పబ్లిక్ ఫోల్డర్ మాత్రమే అయి ఉండాలి. చాలామంది ప్రాజెక్టు మొత్తాన్ని హోస్టింగ్ వాళ్లు అందరికీ తెరిచి ఉంచే పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ ఫోల్డర్‌లో పోసేస్తారు. బ్రౌజర్‌లో మీ సైట్ పేరు కొట్టి, స్లాష్ గీత (/) పెట్టి, డాట్ ఈఎన్వీ అని రాసి ఎంటర్ నొక్కండి. ఫైలు తెరుచుకుందా, మీ పాస్‌వర్డ్‌లన్నీ వీధిలో ఉన్నట్టే. ఇంటర్నెట్‌లో ఈ అడ్రస్ కోసమే రోజంతా తడుముతూ తిరిగే బాట్‌లు ఉన్నాయి.

మీరు ఇప్పటిదాకా కీలు కాన్ఫిగ్ ఫైళ్లలో రాశారు కాబట్టి అవి గిట్ చరిత్రలో ఉన్నాయి. ఇప్పుడు తీసేసి కమిట్ చేసినా పాత కమిట్లలో (గిట్ దాచుకున్న పాత మార్పులు) కనిపిస్తూనే ఉంటాయి. చరిత్ర తుడిచే కష్టం కంటే కీలనే కొత్తవి తీసుకోండి: రేజర్‌పే డాష్‌బోర్డులో కొత్త కీ, ఎస్సెమ్మెస్ వాళ్ల దగ్గర కొత్తది, డేటాబేస్ పాస్‌వర్డ్ కొత్తది. లైవ్ ఈఎన్వీ గిట్‌లో ఉండదు కాబట్టి సర్వర్ పోతే అదీ పోతుంది. ఒక కాపీ బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి పాస్‌వర్డ్‌లు దాచే యాప్‌లో దాచండి. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. నవ్వుకోకండి, నేను చూసిన టీముల్లో సగం మంది చేసేది అదే.

ఆ తొమ్మిది మంది సంగతి. టెస్ట్ మోడ్‌లో వాళ్ల ఖాతా నుంచి ఏమీ పోదు. నెట్‌బ్యాంకింగ్ నొక్కితే "సక్సెస్", "ఫెయిల్యూర్" అని రెండు బటన్లున్న ఉత్తుత్తి పేజీ వస్తుంది, పాపం సక్సెస్ నొక్కి ఉంటారు. వాళ్లు మాత్రం కట్టామనే అనుకుంటున్నారు. కాబట్టి మెసేజ్ పంపి ఊరుకోకుండా దుకాణం వాళ్లతోనే ఫోన్ చేయించండి. "మా సైటులో తప్పు జరిగింది, మీ పైసలు కట్ కాలేదు, ఒకసారి బ్యాంకులో చూసుకోండి, చీర మీకోసం పక్కన పెట్టాం" అని ముందు చెప్పాలి. వాళ్లు చూసుకున్నాక అడిగితేనే పేమెంట్ లింక్ పంపండి. ఫోన్ చేసి వెంటనే లింక్ పంపితే సైబర్ మోసం అనుకుంటారు, అనుకోవడంలో తప్పూ లేదు. ఇప్పటికే పార్శిల్ పోయినవి ఏమైనా ఉంటే వాటికే మొదట ఫోన్ చేయించండి.

మీ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సర్వీసెస్ ఫైలును, కీలన్నీ తీసేసి, ఇక్కడ పెడితే ఏ వరస ఎలా మార్చాలో చూసి చెప్తాను. పెట్టే ముందు కీలు తీసేశారో లేదో రెండుసార్లు చూసుకోండి.